సలోమీ గారి అయిదు కార్డులు

ముందే ఒప్పుకుంటున్నాను

కొత్తగా బ్యాంకులో చేరిన పిల్లలు తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చి కూర్చుంటే, కాఫీ సగంలో ఉండగానే ఒక ప్రశ్న వేస్తారు. కొత్త క్రెడిట్ కార్డు తీసుకుంటే స్కోరు పడిపోతుందా, పాతది రద్దు చేసుకుంటే పడిపోతుందా, ఏదీ చెయ్యకుండా ఊరుకుంటే పెరుగుతుందా అని. ముప్పై మూడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం.

నాకు తెలియదు. అంటే, కాగితం మీద ఉన్నంత తెలుసు. అది చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతాను. కానీ ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఒక ఇంటి సంగతి దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఏ కార్డు ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది నాకు ఆ రోజుల్లో తెలియదు. ఇవాళ కూడా పూర్తిగా తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. నేను తెలిసినట్టు చెప్పాను. అదీ నేను చేసిన నిర్వాకం.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయ్యాను అన్నవి రాయను. అవి నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, ఎవరికీ పనికిరావు. ఇది ఏలూరులో నేను పనిచేసిన చివరి బ్రాంచిలో, రెండు వేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతాల్లో జరిగిన ఒక్క సంగతి. అయితే దానికి ముందు పెదపాడు గురించి రెండు మాటలు చెప్పకపోతే సగమే అర్థమవుతుంది.

పశువుల కొట్టం చూసి అప్పిచ్చిన రోజులు

నేను గుమాస్తాగా చేరినప్పుడు పెదపాడులో మా మేనేజరు గారికి స్కోరూ లేదు, కంప్యూటరూ లేదు. ఎవరైనా అప్పుకి వస్తే చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లేవారు. తిన్నగా వెనక పశువుల కొట్టంలోకి వెళ్లి నిలబడేవారు. కొట్టం శుభ్రంగా ఉండి, గేదెలు నిండుగా ఉంటే అప్పు మంజూరు. పేడ రెండు రోజులది ఉంటే మర్నాడు రమ్మనేవారు, ఆ మర్నాడు ఎప్పటికీ వచ్చేది కాదు.

ఆయన పద్ధతి చూసి నేను మురిసిపోయేవాణ్ణి. మనిషిని చదవడమంటే ఇదీ అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ల తరవాత గాని నాకు తట్టలేదు, మా మేనేజరు గారు ఒక్కసారి కూడా కాలవ దాటి అవతలి పేటలోకి వెళ్లలేదని. అక్కడి కూలివాళ్లకి, చర్చి బడిలో చదివి టీచర్లయినవాళ్లకి కొట్టాలు లేవు. కొట్టం లేనివాళ్లకి మా బ్యాంకులో అప్పు లేదు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన చూపు కాలవ గట్టు దాకానే వెళ్లేది. నాదీ అంతే.

అందుకే, ఇక మీదట మనిషి ముఖం చూడక్కర్లేదు, అతను పాత అప్పులు ఎలా కట్టాడో చెప్పే మూడంకెల సంఖ్య ఒకటి వస్తుంది, దాన్ని బట్టి ఇవ్వండి అని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను. పేటవాళ్లకి ఇప్పుడు న్యాయం జరుగుతుందనుకున్నాను. నా బొంద, ఏం జరిగిందో చూడండి.

కార్డులు వచ్చిపడ్డ కాలం

అప్పటికే ఊరు ఊరంతా కార్డులు. మెడకి టై బిగించుకున్న కుర్రాళ్లు స్కూళ్ల స్టాఫ్ రూముల్లోకి, ఆస్పత్రుల్లోకి దూరిపోయి ఫారాలు నింపించేసేవారు. జీవితాంతం ఉచితం అనేవారు. రెండో ఏడు చార్జీ పడేది. వాళ్లని చూసి మా బ్యాంకు కూడా పూనకం వచ్చినట్టు కార్డులకి దిగింది. నెలకి ఇన్ని ఇవ్వాలని మాకు టార్గెట్.

కైకలూరులో చేపల మేత దుకాణం ఉన్న ఒకాయనకి నేనే బలవంతాన ఒకటి అంటగట్టాను. ఆయన దాన్ని గల్లాపెట్టెలో లక్ష్మీదేవి పటం వెనక పెట్టి, రోజూ అగరొత్తి చూపించేవాడు. ఏడాదికి నా దగ్గరికొచ్చి చాలా మర్యాదగా అడిగాడు, ఏవండీ, వాడకుండా ఉంచితే ఇది పాడైపోద్దా అండి, అని. నవ్వాను. నవ్వాను గాని నాకు జవాబు తెలియదు. వాడకపోతే మంచిదా, చెడ్డదా? అసలు జన్మలో అప్పు చెయ్యనివాడికి స్కోరే ఉండదని, ఆ లేకపోవడం కూడా ఒక లోపమేనని నాకు తెలిసేసరికి ఇంకో రెండేళ్లు పట్టింది. అప్పు చెయ్యనివాణ్ణి అనుమానించమని ఉద్యోగం చెబుతుంటే, అప్పు చెయ్యొద్దని నాన్న నేర్పిన బుర్ర ఒప్పుకోలేదు. తల తిరిగిపోయేది.

సలోమీ గారు

సలోమీ గారు ఏలూరులో మిషన్ వాళ్ల ఆడపిల్లల స్కూల్లో సైన్సు టీచరు. జీతం మా బ్రాంచిలోనే పడేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతిలో గొడుగుతో ఉండేవారు. భర్త చనిపోయారు, పిల్లలు లేరు. పవర్‌పేటలో రైలు పట్టాలకి దగ్గరగా ఒక పెంకుటింట్లో పద్దెనిమిదేళ్లుగా అద్దెకి ఉండేవారు.

ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే కాదు. కొల్లేటికోట, ఆ చుట్టుపక్కల లంకల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆరేడుగురు ఎప్పుడూ ఉండేవారు. వానాకాలం నీళ్లు పెరిగితే ఆ ఊళ్ల నుంచి రోజూ బడికి రావడం కుదరదు. అయిదో క్లాసుతోనో, ఏడుతోనో ఆగిపోయి రొయ్యలు వొలిచే షెడ్డుకి వెళ్లిపోతారు. అలాంటివాళ్లని తెచ్చి ఇంట్లో పెట్టుకుని పదో తరగతి దాటించేవారు ఈవిడ. తల్లిదండ్రులు చేపల చెరువు పట్టి అమ్మినప్పుడు ఇంత డబ్బో, బస్తా బియ్యమో తెచ్చి ఇచ్చేవారు. చెరువు పట్టే దాకా నెలలు గడవాలి కదా. ఆ నెలల్ని ఆవిడ కార్డులతో గడిపేవారు. నాలుగు కార్డులు ఉండేవి. సరుకులు ఒకదాని మీద, పుస్తకాలు ఒకదాని మీద. గడువు తేదీ ఒక్కటి కూడా దాటనిచ్చేవారు కాదు. లెక్కల టీచరు కాకపోయినా లెక్క గట్టిది.

ఇంటి యజమాని కొండబాబు గారు, ఒన్ టౌన్‌లో టోకు కిరాణా వ్యాపారి. ఒక దసరా సెలవుల్లో ఆయన సలోమీ గారికి కబురు చెప్పాడు. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటున్నారు, ఇల్లు అమ్మక తప్పదు, ముందు మీకే చెబుతున్నాను, పిల్లల పరీక్షలయ్యే దాకా ఆగుతాను, ఈలోగా కొనుక్కోండి అని. ధర కూడా న్యాయంగానే చెప్పాడు. ఆవిడ నా దగ్గరికొచ్చారు. ఇంటి లోను రావాలంటే ఇప్పటి నుంచి నేను ఏం చెయ్యాలండి, అని అడిగారు.

నేను గట్టిగా, అనుమానం లేకుండా చెప్పాను. అమ్మా, ముందు ఆ నాలుగు కార్డులూ కట్టేసి రద్దు చేయించుకోండి, చేతిలో కార్డులు ఎన్ని ఉంటే అంత అప్పులమారి అనుకుంటారు పైవాళ్లు. మా బ్యాంకు కార్డు ఒకటి ఇస్తాను, అదొక్కటే వాడండి, మన కార్డు మన లోను, పని తేలిక. ఆ నెల నా టార్గెట్‌కి ఒకటి తక్కువైంది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెప్పకపోవడం గురించి అప్పుడు ఆలోచించను కూడా లేదు. కానీ నేను మోసం చెయ్యాలని చెప్పిన మాట కాదది. నిజంగానే అలా అనుకున్నాను. బాకీలు తీర్చేసి, కార్డులు పారేసినవాడు మంచివాడు కాక చెడ్డవాడెలా అవుతాడు?

కోత పండుగ

ఆవిడ కార్డులన్నిటి బాకీ పైసాతో సహా కట్టేశారు. గాజులు రెండు అమ్మి కట్టారని తరవాత తెలిసింది. మూడు కార్డులకి ఉత్తరాలు రాసి, రద్దయినట్టు జవాబు తెప్పించుకున్నారు. నాలుగోది అన్నిటికంటే పాతది. దానికి ఉత్తరం రాయలేదు. దాని కథ వేరు.

వాళ్ల చర్చిలో కోతల తరవాత పండుగ చేస్తారు. తొలి పంట వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవుడికి అర్పించి, తరవాత అక్కడే వేలం వేస్తారు. ఆ ఏడు అప్పుల బంధకాల గురించి గట్టి ప్రసంగం జరిగింది. సలోమీ గారు లేచి సాక్ష్యం చెప్పి, ఆ పాత కార్డుని కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, కానుక కవర్లో పెట్టి కానుకల సంచిలో వేసేశారు. ముందు కష్టాల్లో ఆదుకున్న కార్డు అదే కాబట్టి తొలి ఫలంగా దాన్నే ఇచ్చానని నాతో ఎంతో సంబరంగా చెప్పారు. నేను కూడా భేష్ అన్నాను. బ్యాంకు వాణ్ణి, దానికి ఉత్తరం రాశారా అని ఒక్క మాట అడగాలి కదా? అడగలేదు.

కార్డిచ్చిన బ్యాంకు దృష్టిలో అది బతికే ఉంది. కత్తెరతో పోయేది ప్లాస్టిక్కే, ఖాతా కాదు. ఆ నెలలోనే దాని మీద ఏడాది చార్జీ పడింది. ఆ చార్జీ కట్టలేదని దానిమీద ఆలస్యపు రుసుము పడింది. బిల్లు కవరు వస్తే, కార్డే లేదు కదా, ప్రకటన కాగితమై ఉంటుందని ఆవిడ విప్పకుండా పారేశారు. ఇన్నేళ్ల లెక్కలో ఒక్క గడువు దాటని మనిషి, దేవుడికిచ్చిన కార్డు మీద ఎగవేతదారు అయ్యారు.

ఆ కాగితం

జనవరి నెలాఖరులో లోను దరఖాస్తు పెట్టాం. పై ఆఫీసు నుంచి వచ్చిన రిపోర్టులో స్కోరు మా గీతకి కింద ఉంది. తిరస్కరించారు.

నేను ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చార్జీ కట్టని కార్డు ఉంది, నిజమే. దాన్ని రద్దు చేయించలేదు గాబట్టి తప్పు ఆవిడదేనని చేతులు దులుపుకోవచ్చు. కానీ అదొక్కటేనా? నాలుగు కార్డుల మీద కలిపి పెద్ద లిమిట్ ఉండేది, వాడేది అందులో కొంచెమే. మూడు రద్దయ్యాయి. ఇప్పుడు ఆవిడ సరుకులన్నీ నేనిచ్చిన చిన్న లిమిట్ కార్డు మీదే కొంటున్నారు. నెలాఖరుకి మొత్తం కట్టేస్తున్నా, లెక్క తీసే రోజున అది అంచు దాకా నిండి కనిపిస్తోంది. పీకల్లోతు అప్పులో ఉన్నట్టు. పైగా కొత్త కార్డు కోసం మేమే ఆరా తీసిన గుర్తు ఒకటి, లోను కోసం ఇంకో గుర్తు. అలా ఆరా తీసినప్పుడల్లా కూడా స్కోరు కాస్త తగ్గుతుంది. ఇన్నిట్లో ఏది ఎంత దెబ్బ తీసిందో ఆ కాగితం చెప్పదు. సంఖ్య ఒక్కటే ఉంటుంది. దాన్ని ఎలా కట్టారో ఎవరూ చెప్పరు.

ఇంకా ఘోరం, ఆ కాగితం ఆవిడకి చూపించకూడదని మాకు నియమం. ఆవిడ గురించిన కాగితం, ఆవిడే చూడకూడదు. నేను చూపించాను. తలుపు దగ్గరికి వేసి చూపించాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు పంక్తి పంక్తీ చదివారు. చదివి, కోపం లేకుండా అడిగారు.

“ఇంతకీ తప్పెక్కడ జరిగిందండి? తీసుకోవడమా, తీసెయ్యడమా? చెబితే ఈసారి అలా చెయ్యనండి.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులో కూడా నోరు ఊరుకోలేదు, రెండూ కొంచెం కొంచెమేనమ్మా అన్నాను.

చార్జీ బాకీ ఆ రోజే కట్టించాను. చర్చి కోశాధికారి దగ్గర ముక్కలు అడిగి తెచ్చి, అతికించి, కార్డు నంబరు చదివి ఉత్తరం రాశాం. రద్దు కాగితం వచ్చేసరికి నెల పట్టింది. అది స్కోరులోకి ఎక్కడానికి ఇంకా నెలలు పడుతుందన్నారు. పిల్లల పరీక్షలు మార్చిలో.

రీజినల్ ఆఫీసుకి వెళ్లి మా పెద్దసారు దగ్గర కూర్చున్నాను. ఆవిడ జీతం, ఖాతా, పద్దెనిమిదేళ్ల అద్దె రసీదులు అన్నీ చూపించాను. ఆయన అన్నీ ఓపిగ్గా చూశాడు. అద్దె దీన్లోకి రాదయ్యా అన్నాడు. మరి కార్డులు రద్దు చేసుకోమని మనమే చెబుతాం కదండి అంటే, మంచి అలవాటే కదా అన్నాడు. మంచి అలవాటుకి స్కోరెందుకు తగ్గిందండి అంటే, దాన్ని మనం అడిగేవాళ్లం కాదు, చదివేవాళ్లం అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకీ అర్థం కాలేదని అర్థమైంది. లేచి వస్తుంటే, ఈ నెల కార్డుల టార్గెట్ సగమే అయినట్టుందే అని గుర్తు చేశాడు.

కొండబాబు గారి దగ్గరికి నేనే వెళ్లాను, ఇంకో మూడు నెలలు ఆగమని అడగడానికి. ఆయన బెల్లం బుట్టల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టాడు. అన్నదమ్ముల్ని అప్పటికే రెండుసార్లు ఆపాడట. ఇక ఆపలేనన్నాడు. తరవాత ఆయనే నన్ను అడిగాడు.

“పద్దెనిమిదేళ్లండి, ఒకటో తారీకు సాయంత్రానికి అద్దె మా కొట్టుకి వచ్చేసేదండి. ఒక్క నెల నేను మనిషిని పంపలేదండి. ఆవిడకి ఇవ్వరా అండి మీరు? మరి ఎవరికిస్తారండి?”

ఎవరికిస్తామో ఆయనకి వారం తిరక్కుండానే తెలిసింది.

కొలత

ఇల్లు కొనడానికి ముందుకొచ్చిన పెద్దమనిషికి మేత ఏజెన్సీ ఉంది. కైకలూరులో ఒకటి, ఏలూరులో ఒకటి; అగరొత్తి చూపించిన ఆయన కాదు, వేరే ఆయన. ఆయన లోను కోసం మా బ్రాంచికే వచ్చాడు. రిపోర్టు తెప్పించాను. ఏడు కార్డులు. ఏడూ తీసుకున్నాడు గాని ఒక్కటీ మూయలేదు. అన్నీ కలిపి పెద్ద లిమిట్, వాడకం గోరంత, చెల్లింపులు సక్రమం. స్కోరు చూస్తే ముచ్చటేసింది. ఆయన తప్పేమీ లేదు, నిఖార్సయిన ఖాతాదారుడు. ఇల్లు పడగొట్టి గోడౌను కట్టుకుంటానన్నాడు. కాదనడానికి నాకు ఒక్క కారణం దొరకలేదు. వెతికాను, దొరకలేదు.

ఇక్కడ కొత్తవాళ్లకి నాలుగు మాటలు చెప్పి మిగతాది చెబుతాను, లేకపోతే చివర్లో చెప్పే ఓపిక ఉండదు. ఎవరైనా కార్డు రద్దు చేసుకోనా అని అడిగితే, ముందు ఎందుకు అని అడగండి. ఆర్నెల్లలో లోను అవసరం ఉందంటే ఏ కార్డూ కదపొద్దనండి, కొత్తది అసలు తీసుకోవద్దనండి. అన్నిటికంటే పాతదాని జోలికి పోనివ్వకండి, చార్జీ పడుతుంటే కనుక్కుని చార్జీ లేనిదానికి మార్పించండి. తప్పదంటే ఒక్కొక్కటిగా, బాకీ సున్నా అయ్యాక, రాతపూర్వకంగా రద్దు చేయించి, ఆ కాగితం దాచుకోమనండి. ఇవన్నీ చెప్పాక, నాకు తెలిసింది ఇంతే, మిగతాది నాకూ తెలియదు అని కూడా చెప్పండి. ఆ చివరి మాట నోట్లోంచి రావడమే కష్టం.

లోను ఇచ్చే ముందు ఆ ఆస్తిని బ్యాంకు అధికారి స్వయంగా వెళ్లి చూసి, కొలిచి, రిపోర్టు రాయాలి. ఆ పని నాది. వేరేవాళ్లని పంపుదామనుకున్నాను. బ్రాంచిలో ఇంకో అధికారి సెలవులో ఉన్నాడు. ఉన్నా పంపేవాణ్ణో లేదో.

మార్చి నెల, మధ్యాహ్నం మూడు గంటలు. తలుపు తట్టాను. సలోమీ గారే తీశారు. ఎందుకొచ్చానో ముందే తెలుసు, కొండబాబు గారు చెప్పారట. రండి అన్నారు. హాల్లో ముగ్గురు పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని పరీక్షకి చదువుతున్నారు. పెద్ద గొంతుతో చదువుతున్నవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించారు. చదవండమ్మా, సార్ వాళ్ల పనిమీద వచ్చారు అన్నారావిడ. మంచినీళ్లు ఇచ్చారు. తాగలేక తాగాను.

నేను టేపు తీశాను. ఒక్కణ్ణే వెళ్లాను, రెండో చివర పట్టుకునేవాళ్లు లేరు. గోడ మూలకి ఒక చివర నొక్కిపెట్టి, ఇంకో చివర లాగుతుంటే అది జారి వచ్చేస్తోంది. రెండుసార్లు జారింది. ఆవిడ చూసి, గొడుగు కొక్కేనికి తగిలించి, వచ్చి ఆ చివర పట్టుకున్నారు.

హాలు కొలిచాం. వంటిల్లు కొలిచాం. వెనక గదిలో గోడ వారన పిల్లల రేకు పెట్టెలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద తెల్ల రంగుతో పేరు, ఊరు రాసి ఉంది. గోడ దొరకాలంటే పెట్టెలు జరపాలి. పిల్లలు లేచి వచ్చి పెట్టెలు మధ్యలోకి లాగారు. కొలత అయ్యాక మళ్లీ గోడకి జరపబోతుంటే, సంపూర్ణ అనే పిల్ల ఆగి టీచరు ముఖంలోకి చూసింది. “మళ్లీ సర్దమంటారా అండి, ఇలాగే ఉంచెయ్యమంటారా అండి?”

సలోమీ గారు టేపు చివర పట్టుకునే ఉన్నారు. పరీక్షలయ్యే దాకా సర్దుకోండమ్మా అన్నారు.

కొలతలు నేను చెబుతుంటే ఆవిడే నా పుస్తకంలో రాశారు. పొడవు, వెడల్పు, మొత్తం. గుండ్రంగా, తీర్చిన అక్షరాలు. వేసవిలో ముగ్గురు పదో తరగతి పాసయి వెళ్లారు. కింది తరగతుల పిల్లలు నలుగురిలో ఒకరికి హాస్టల్లో చోటు దొరికింది, ముగ్గురు వాళ్ల ఊళ్లకి వెళ్లిపోయారు. సలోమీ గారు స్కూలు ఆవరణలో ఒంటిగదిలోకి మారారు. ఆ ముగ్గురి గురించి నేను ఆవిణ్ణి ఎప్పుడూ అడగలేదు.

కొలతలు తీసిన రోజు బ్రాంచికి తిరిగొచ్చి రిపోర్టు రాశాను. ఫారంలో చివరి గడి ఒకటి ఉంటుంది, ప్రస్తుతం ఇంట్లో ఉన్నవారి వివరం, వారి సహకారం అని. అద్దెదారు ఖాళీ చేయడానికి అంగీకరించారు, తనిఖీకి పూర్తిగా సహకరించారు అని రాసి, కింద సంతకం పెట్టాను.